బ్రిటన్‌లో ఎకనామిక్స్ డిగ్రీ, మధ్యలో ఒక ప్లేస్‌మెంట్ ఏడాది

ప్లేస్‌మెంట్ అనగానే మనకు గుర్తొచ్చేది క్యాంపస్‌కి కంపెనీలు రావడం, రాత పరీక్ష, ఇంటర్వ్యూ, సాయంత్రానికల్లా నోటీసు బోర్డు మీద పేర్లు. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ ప్లేస్‌మెంట్ అంటే నాలుగేళ్ల డిగ్రీలో మూడో ఏడాది మొత్తం కాలేజీ వదిలి ఏదో ఒక సంస్థలో జీతానికి పనిచేసి, నాలుగో ఏడాది మళ్లీ క్లాసులకు రావడం. రెండు చదువు ముక్కల మధ్య ఒక పని ముక్క కాబట్టి దీన్ని శాండ్‌విచ్ డిగ్రీ అని కూడా అంటారు. బాత్, సర్రే, లఫ్‌బరో, ఆస్టన్, నాటింగ్‌హామ్ ట్రెంట్ లాంటి విశ్వవిద్యాలయాల్లో ఎకనామిక్స్‌కి ఈ పద్ధతి ఉంది.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. కోర్సు పేరులో 'విత్ ప్లేస్‌మెంట్' అని ఉంటే ఉద్యోగం విశ్వవిద్యాలయమే చూసి పెడుతుందనుకుంటారు. చూసి పెట్టదు. ప్లేస్‌మెంట్ ఆఫీసు వాళ్లు సీవీ దిద్దుతారు, ఖాళీల జాబితా పంపుతారు, మాక్ ఇంటర్వ్యూ పెడతారు, అంతే. ఉద్యోగం వెతుక్కోవాల్సింది మీరే. దొరక్కపోతే మూడేళ్ల కోర్సులోకి మారుస్తారు. కన్సల్టెన్సీ వాళ్లు ఇంటికొచ్చి 'ప్లేస్‌మెంట్‌తో ఎమ్మెస్సీ' అని చెప్పేదానికీ ఇదే షరతు.

వీసా కాగితాలు ముందు

స్టూడెంట్ వీసా మీద టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ప్లేస్‌మెంట్‌కి ఆ పరిమితి వర్తించదు, కానీ దానికి షరతులున్నాయి. ఆ పని కోర్సులో అంతర్భాగమై ఉండాలి, దానికి మదింపు ఉండాలి, డిగ్రీ స్థాయిలో అది మొత్తం కోర్సు వ్యవధిలో సగానికి మించకూడదు. నాలుగేళ్లలో ఒక ఏడాది కాబట్టి మూడో షరతుతో చిక్కు లేదు. మొదటి రెండిటికీ విశ్వవిద్యాలయం ఇచ్చే కాగితమే సాక్ష్యం. అది చేతికి రాకుండా పనిలో చేరొద్దు.

మొదటి నుంచే 'విత్ ప్లేస్‌మెంట్' కోర్సులో చేరితే కాస్ లెటర్ (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ ధ్రువీకరణ), వీసా రెండూ నాలుగేళ్లకు వస్తాయి. మూడేళ్ల కోర్సులో చేరి మధ్యలో మారాలంటే కొత్త కాస్ తీసుకుని, పాత వీసా గడువు ముగిసేలోపు పొడిగింపుకి దరఖాస్తు చేయాలి. 2025 ఏప్రిల్‌లో ఆ ఫీజును 524 పౌండ్లు చేశారు. దానికి తోడు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. కాబట్టి ఏమాత్రం ఆలోచన ఉన్నా దరఖాస్తు రోజునే ప్లేస్‌మెంట్ ఉన్న కోర్సు పెట్టుకోవడం మేలు. తర్వాత వద్దనుకుంటే మూడేళ్లకు తగ్గించుకోవచ్చు. అయితే అప్పుడు విశ్వవిద్యాలయం హోమ్ ఆఫీస్‌కి (వీసాలు చూసే బ్రిటన్ హోం శాఖకి) తెలియజేస్తుంది, వీసా గడువు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. డిగ్రీ స్థాయి చదువుకి స్టూడెంట్ వీసా మీద 5 ఏళ్ల పరిమితి ఉంది. నాలుగేళ్ల కోర్సులో ఒక ఏడాది తప్పి మళ్లీ చదివితే ఆ పరిమితి నిండిపోతుంది. రెండో ఏడాది మార్కులు ప్రమాదంలో ఉన్నవారు ముందే అంతర్జాతీయ విద్యార్థుల సలహాదారుతో కూర్చుని తేదీలు లెక్క వేయించుకోవాలి.

ఫీజు సంగతి. ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థుల నుంచి ప్లేస్‌మెంట్ ఏడాదికి మామూలు ఫీజులో 20 శాతానికి మించి తీసుకోకూడదు. 2025-26 లెక్కన సుమారు 1,900 పౌండ్లు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇది వర్తిస్తుంది. మన దేశం నుంచి వెళ్లినవారికి అలాంటి గరిష్ఠ పరిమితి లేదు, ఎక్కడికక్కడ వేరు. అడ్మిషన్ ఆఫీసుని రాతపూర్వకంగా అడిగి, ఆ ఈమెయిల్ దాచుకోండి. ఎడ్యుకేషన్ లోన్ నాలుగేళ్లకు మంజూరైందా, మారటోరియం ఎప్పటిదాకా అన్నది కూడా అప్పుడే బ్యాంకులో తేల్చుకోవాలి. మూడేళ్ల లెక్కతో తీసుకున్న లోన్‌కి ఈఎంఐ మీరింకా చదువుతుండగానే మొదలవుతుంది.

పరుగు ఎప్పుడు మొదలవుతుందంటే

మూడో ఏడాది పనికి దరఖాస్తులు రెండో ఏడాది మొదట్లోనే తెరుచుకుంటాయి. పెద్ద బ్యాంకులు, ఆడిట్ సంస్థలు, పెద్ద కంపెనీలు ఆగస్టు, సెప్టెంబరుల్లో తెరిచి అక్టోబరు నుంచి జనవరి లోపు మూసేస్తాయి. చాలాచోట్ల ప్రకటించిన గడువు నామమాత్రమే, సరిపడా మంది రాగానే ఆపేస్తారు. చిన్న సంస్థలు, విశ్వవిద్యాలయం దగ్గర్లోని కంపెనీలు ఫిబ్రవరి నుంచి మే దాకా తీసుకుంటాయి. అక్టోబరులో చేతులెత్తేసినవారికి ఇక్కడ ఇంకా చోటుంటుంది.

దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. మొదటి ఏడాది మార్కులు చాలా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ తుది ఫలితంలో కలవవు. 'పాసైతే చాలు' అని సీనియర్లు చెప్పేది అందుకే. కానీ అక్టోబరులో దరఖాస్తు చేసేటప్పుడు మీ దగ్గర చూపించడానికి ఉన్న మార్కులు అవే. 60 దాటితే 2:1 (ఫస్ట్ క్లాస్ తర్వాతి శ్రేణి) కిందికి వస్తుంది, ఎక్కువ సంస్థలు అడిగేది అదే. ఇంటర్‌లో 95 శాతం చూసిన ఇంట్లోవాళ్లు 64 అనగానే కంగారు పడతారు. అక్కడ 64 మంచి మార్కే.

మొదటి ఏడాది తర్వాతి వేసవి సెలవుల్లో మూడు పనులు పూర్తి చేయాలి: సీవీ, కింద చెప్పబోయే డేటా పని ఒకటి, ఇరవై సంస్థల పట్టిక. పట్టికలో సంస్థ, గడువు, పరీక్ష రకం, వీసా షరతు, దరఖాస్తు స్థితి అని ఐదు గడులు చాలు.

ఎక్కడెక్కడ

ఎకనామిక్స్ వాళ్లకు పేరున్న చోటు గవర్నమెంట్ ఎకనామిక్ సర్వీస్, అంటే బ్రిటన్ ప్రభుత్వంలోని ఆర్థికవేత్తల విభాగం. ట్రెజరీ (ఆర్థిక శాఖ)తో సహా వేర్వేరు శాఖల్లో శాండ్‌విచ్ విద్యార్థులను తీసుకుంటుంది. కోర్సులో కనీసం సగం ఎకనామిక్స్ ఉండాలి, కాబట్టి బిజినెస్‌తో కలిపి చదివేవారు మాడ్యూళ్లు (కోర్సులోని సబ్జెక్టులు) లెక్కపెట్టుకోవాలి. భారతీయులు కామన్వెల్త్ దేశస్థులు కనుక పని హక్కు ఉంటే జాతీయత నిబంధన దాటతారు. అసలు అడ్డంకి సెక్యూరిటీ క్లియరెన్స్. అందులో ఎస్‌సీ (సెక్యూరిటీ చెక్) అనే స్థాయికి సాధారణంగా 5 ఏళ్లుగా బ్రిటన్‌లో ఉండాలంటారు. రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి వెళ్లినవారు అక్కడ ఆగిపోతారు. ప్రకటనలో క్లియరెన్స్ స్థాయి రాసి ఉంటుంది, అది చూశాకే సమయం పెట్టండి.

మిగతావి బ్యాంకులు, బీమా, ఎకనామిక్ కన్సల్టెన్సీలు, ఇంధన కంపెనీలు, సూపర్ మార్కెట్ గొలుసుల్లో ధరల విభాగాలు. చివరిదాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, మా అభిప్రాయంలో అది తప్పు. డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే అమ్మకం ఎంత మారుతుందన్నది) గురించి పుస్తకంలో చదివినదాన్ని వేల వస్తువుల మీద రోజూ చూసే చోటు అది. పెద్ద బ్యాంకు పేరున్న ప్లేస్‌మెంట్‌లో ఏడాదంతా స్లైడ్ల రంగులు దిద్దడం కూడా జరుగుతుంది. అందుకే ఇంటర్వ్యూ చివర 'ఏమైనా అడుగుతారా' అన్నప్పుడు, 'పోయినేడు ఈ సీటులో ఉన్న విద్యార్థి ఏ డేటా మీద, ఏ సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాడు?' అని అడగండి. జవాబు తడబడితే విషయం తెలిసిపోతుంది.

జీతం లేని ప్లేస్‌మెంట్లూ ఉన్నాయి. కోర్సులో భాగంగా ఏడాది లోపు చేసే ప్లేస్‌మెంట్‌కి బ్రిటన్ కనీస వేతన చట్టం వర్తించదు, అంటే తక్కువిచ్చినా అక్రమం కాదు. ఇంటి అద్దె కూడా గిట్టని జీతమైతే ఒప్పుకునే ముందు నెలవారీ లెక్క వేసుకోండి.

దరఖాస్తులో తప్పటడుగులు

'మీకు స్పాన్సర్‌షిప్ కావాలా?' అనే ప్రశ్నకు చాలామంది చదవకుండా 'అవును' అని టిక్ పెడతారు. కంప్యూటర్ అక్కడికక్కడే తిరస్కరిస్తుంది. ప్లేస్‌మెంట్‌కి కంపెనీ స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, స్టూడెంట్ వీసా స్పాన్సర్ మీ విశ్వవిద్యాలయమే. ప్రశ్న ఈ ఉద్యోగం గురించే అయితే 'లేదు' సరైన జవాబు. 'ఇప్పుడు గానీ ముందు ముందు గానీ' అని ఉంటే నిజమే చెప్పి, ప్లేస్‌మెంట్ కాలానికి పని హక్కు ఉందని ఖాళీ గడిలో ఒక్క వాక్యం రాయాలి.

యూకాస్ పాయింట్ల గడి ఇంకో తలనొప్పి. బ్రిటన్‌లో డిగ్రీ ప్రవేశాలు చూసే సంస్థ యూకాస్, అక్కడి స్కూలు చివరి పరీక్షల మార్కులకు పాయింట్లు కడుతుంది. మన ఇంటర్‌కి ఆ పాయింట్లు ఉండవు. ఏదో అంకె ఊహించి నింపితే తర్వాత సర్టిఫికెట్ల తనిఖీలో అబద్ధం అవుతుంది. రిక్రూట్‌మెంట్ వాళ్లకు ఈమెయిల్ పెట్టి, వాళ్లు చెప్పినట్టు నింపండి.

సీవీ ఒకటి లేదా రెండు పేజీలు. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, 'పైన చెప్పినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అనే వాక్యం ఏవీ ఉండకూడదు. 'ఎకనామెట్రిక్స్‌లో మంచి పట్టు ఉంది, స్టాటా, ఎక్సెల్ వచ్చు' అని రాస్తే ఎవరూ నమ్మరు (స్టాటా అంటే గణాంకాల సాఫ్ట్‌వేర్). అదే చోట ఇలా ఉంటే చూడండి: 'ప్రభుత్వం విడుదల చేసే ఇళ్ల ధరల సూచీ నుంచి పదేళ్ల నెలవారీ డేటా తీసుకుని, ద్రవ్యోల్బణానికి సవరించి, బ్యాంక్ రేటుతో ఉన్న సంబంధాన్ని స్టాటాలో పరీక్షించి 4 పేజీల నోట్ రాశాను.' ఈ పని పదిహేను రోజుల్లో చేయొచ్చు, డేటా ఉచితం. బ్యాంక్ రేటు, అంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నిర్ణయించే వడ్డీ రేటు, 2020 మార్చిలో 0.1 శాతానికి దిగి, 2023 ఆగస్టుకి 5.25కి ఎక్కింది కాబట్టి చెప్పడానికి కథ కూడా ఉంటుంది. ఒక్క జాగ్రత్త. కాలంతో పాటు ఎక్కే రెండు శ్రేణులను నేరుగా రిగ్రెషన్‌లో పెడితే సంబంధం లేకపోయినా ఆర్-స్క్వేర్ (రెండిటి పొంతన ఎంతో చూపే కొలత) బ్రహ్మాండంగా వస్తుంది. ఇంటర్వ్యూ చేసే ఎకనామిస్ట్ మొదట పట్టుకునేది దాన్నే. నెల నెలకు వచ్చిన మార్పులు తీసుకుని మళ్లీ నడిపి, ఫలితం ఎంత బలహీనపడిందో నోట్‌లో మీరే రాయండి. మంచి ఆర్-స్క్వేర్ కంటే ఆ ఒప్పుకోలుకే విలువ ఎక్కువ.

ఆన్‌లైన్ పరీక్షల్లో గణితం కష్టమైనది కాదు, గడియారమే శత్రువు. రెండు చోట్ల ఎక్కువ మంది జారతారు. వడ్డీ 4 నుంచి 5 శాతానికి పెరిగితే అది 1 శాతం పెరుగుదల కాదు. 1 శాతం పాయింటు, శాతంలో చెప్పాలంటే 25. జీతం 6 శాతం, ధరలు 4 శాతం పెరిగితే నిజ వేతనం 2 శాతం పెరిగిందనేది ఉరామరి లెక్క. 1.06ని 1.04తో భాగిస్తే వచ్చేది 1.0192, అంటే 1.92 శాతం. ఆప్షన్లలో రెండూ ఉంటాయి.

తర్వాత వీడియో ఇంటర్వ్యూ. కెమెరా ముందు మీరొక్కరే, ప్రశ్న తెర మీద పడుతుంది, ఆలోచించడానికి కొద్ది క్షణాలు, చెప్పడానికి ఒకటి రెండు నిమిషాలు. కంఠస్థం చేసి అప్పజెప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది, ఇక్కడ అది వెంటనే దొరికిపోతుంది. జవాబు రాసుకోవద్దు. సందర్భం, మీ పని, మీరు చేసింది, ఫలితం అని నాలుగు మాటలు మాత్రం కాగితం మీద పెట్టుకోండి. 'మేము' అని కాకుండా 'నేను' అని చెప్పాలి. గ్రూప్ ప్రాజెక్టు గురించి మర్యాదకొద్దీ 'మేము చేశాం' అంటే మీరేం చేశారో వాళ్లకు తెలియదు.

ముఖాముఖిలో ఎకనామిక్స్ ప్రశ్నలు ఇలా ఉంటాయి: కాఫీ ధర 2 పౌండ్ల నుంచి 2.20కి పెంచితే రోజుకి 500 కప్పులు 460కి పడ్డాయి, ధర పెంచడం సరైనదేనా? ధర 10 శాతం ఎక్కింది, అమ్మకం 8 శాతం దిగింది, వ్యాకోచత్వం మైనస్ 0.8. రాబడి 1,000 నుంచి 1,012 పౌండ్లకు పెరిగింది. ఇక్కడితో ఆపేవారు సగటు. తక్కువ కప్పులంటే ఖర్చూ తగ్గుతుంది కనుక లాభం అంతకన్నా ఎక్కువే పెరిగి ఉంటుందని, కానీ ఇది మొదటి వారం లెక్కా, ఆరు నెలల తర్వాతిదా అని, పక్క షాపువాడు కూడా పెంచాడా అని అడిగేవారినే తీసుకుంటారు.

ఆఫర్ వచ్చాక

ఈమెయిల్ రాగానే ఇంటికి ఫోన్, స్వీట్లు అన్నీ అయ్యాక మూడు పనులు. మొదటిది, ఉద్యోగ వివరణను విశ్వవిద్యాలయం ప్లేస్‌మెంట్ టీముకి పంపి ఆమోదం తీసుకోవడం. తేదీలు, వారాల సంఖ్య, చిరునామా, సూపర్‌వైజర్ పేరు అన్నీ అడుగుతారు. కనీసం ఎన్ని వారాలు చేయాలన్నది కోర్సును బట్టి మారుతుంది. రెండోది ఒప్పందం. మిమ్మల్ని ఫ్రీలాన్సర్‌గా, ఇన్‌వాయిస్ మీద పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు, స్టూడెంట్ వీసాలో స్వయం ఉపాధి నిషేధం. మూడోది పని హక్కు తనిఖీ. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఈవీసా ఖాతా నుంచి షేర్ కోడ్ తీసి కంపెనీకి ఇవ్వాలి. అది 90 రోజులు పనిచేస్తుంది. దానితో పాటు విశ్వవిద్యాలయం లేఖ కూడా పంపండి. లేకపోతే హెచ్‌ఆర్ వాళ్లు తెర మీద '20 గంటలు' అని చూసి ఆగిపోతారు.

పేరు దగ్గర జాగ్రత్త. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే వరుసలో ఉన్నవాళ్లు మనలో ఎక్కువ. ఈవీసాలో ఎలా ఉందో కంపెనీ రికార్డులోనూ, బ్యాంకులోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి.

ఇంటి విషయంలో తొందరే ముంచుతుంది. రెండో ఏడాది నవంబరు వచ్చేసరికి స్నేహితులు వచ్చే ఏడాదికి ఇల్లు ఖాయం చేస్తున్నారని మీరూ ఉమ్మడి ఒప్పందం మీద సంతకం పెడతారు. మార్చిలో వేరే ఊళ్లో ప్లేస్‌మెంట్ వస్తుంది. అప్పటికే సంతకం పెట్టారు కాబట్టి మీ బదులు ఇంకొకరిని తెచ్చేదాకా అద్దె మీ మీద పడొచ్చు. ఫలితాలు తేలకముందు సంతకం పెట్టకండి. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇంటి డిపాజిట్ 5 వారాల అద్దెకు మించి అడగకూడదని చట్టం, గుర్తుంచుకోండి. కౌన్సిల్ ట్యాక్స్ (నివాసం మీద స్థానిక సంస్థ వేసే పన్ను) విషయంలో మీరు ప్లేస్‌మెంట్‌లో ఉన్నా పూర్తికాల విద్యార్థే. విశ్వవిద్యాలయం నుంచి సర్టిఫికెట్ తెచ్చి కౌన్సిల్‌కి పంపితే మినహాయింపు వర్తిస్తుంది. పంపకపోతే బిల్లు వస్తుంది.

మొదటి పేస్లిప్

ఉదాహరణకు ఏడాదికి 22,000 పౌండ్లు, జులై 1న చేరిక. నెలకు 1,833. బ్రిటన్ పన్ను ఏడాది ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏడాది ఏప్రిల్ 5 దాకా, అందులో 12,570 పౌండ్ల వరకు పన్ను లేదు, అంటే నెలకు 1,047.50. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మీకు జీతం లేదు కనుక ఆ మూడు నెలల మినహాయింపు కూడా పోగై ఉంటుంది. అందువల్ల పేస్లిప్ మీద పన్ను కోడ్ 1257ఎల్ అని సరిగ్గా పడితే జులై నుంచి అక్టోబరు దాకా ఆదాయపు పన్ను దాదాపు సున్నా. నవంబరు నుంచి నెలకు సుమారు 157.

కోడ్ పక్కన 'ఎం1' అని కనిపిస్తే పోగైన మినహాయింపు చూడకుండా మొదటి నెల నుంచే 157 కోస్తారు. కారణం తరచుగా చేరేటప్పుడు ఇచ్చే స్టార్టర్ చెక్‌లిస్ట్. అందులో ఏ, బీ, సీ అని మూడు వాక్యాలుంటాయి. ఏప్రిల్ 6 తర్వాత ఇదే మొదటి పని అయితే ఏ. మధ్యలో వేరే పని చేసి మానేసి ఉంటే బీ, అప్పుడు పాత యజమాని ఇచ్చిన పీ45 (పని మానేటప్పుడు ఇచ్చే జీతం, పన్ను పత్రం) కూడా ఇవ్వాలి. శని, ఆదివారాల్లో సూపర్ మార్కెట్ పని కొనసాగిస్తుంటే సీ, అప్పుడు ఒక జీతం మీద మొత్తానికీ 20 శాతం పడుతుంది. ప్లేస్‌మెంట్‌కి అదనంగా వారానికి 20 గంటల పని వీసా ప్రకారం చేసుకోవచ్చు కాబట్టి ఇది చాలామందికి ఎదురవుతుంది. కోడ్ తప్పైతే హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) ఆన్‌లైన్ ఖాతాలో ఉద్యోగ వివరాలు సరిచేయండి, ఎక్కువ కోసింది తర్వాతి జీతాల్లో తిరిగొస్తుంది.

నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసే సామాజిక బీమా చందా) అలా పోగవదు. ప్రతి నెలా విడిగా లెక్క, 1,048 దాటిన దాని మీద 8 శాతం, సుమారు 63 పౌండ్లు. అది తిరిగి రాదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రాకపోయినా పని హక్కు ఉంటే పనిలో చేరొచ్చు, దరఖాస్తు మాత్రం ముందే పెట్టండి. వయసు 22 నిండనివారిని పెన్షన్‌లో వాళ్లంతట వాళ్లు చేర్చరు. 22 నిండితే చేరుస్తారు, కోత కనిపిస్తుంది.

జూన్ 30న ముగిస్తే కొత్త పన్ను ఏడాదిలో మీ ఆదాయం మూడు నెలలదే, 5,500 పౌండ్లు. అది మినహాయింపు లోపే. అయినా ఆ మూడు నెలల్లో సుమారు 471 కోసి ఉంటారు. నాలుగు వారాలు దాటి పనిలేకుండా ఉంటే పీ50 అనే ఫారంతో అడిగి వెనక్కి తీసుకోవచ్చు. మనవాళ్లు చాలామంది దీన్ని వదిలేసుకుంటున్నారు.

పనిలో ఉండగా

మదింపు చాలాచోట్ల ఒక నివేదిక, సూపర్‌వైజర్ ఇచ్చే ఫారం, ట్యూటర్ సందర్శన రూపంలో ఉంటుంది. నివేదిక చివరి నెలలో రాయడం మొదలుపెడితే ఏం చేశారో గుర్తుండదు. ప్రతి శుక్రవారం పది నిమిషాలు కేటాయించి మూడు వాక్యాలు రాసుకోండి: ఏ ప్రశ్న, ఏ డేటా, ఎక్కడ తప్పు జరిగింది. కంపెనీ ఫైళ్లను సొంత ఈమెయిల్‌కి పంపుకోవద్దు, ఉద్యోగం పోయేంత తప్పు అది. వసంతకాలంలో నాలుగో ఏడాది మాడ్యూళ్ల ఎంపిక గడువు వస్తుంది. అది కాలేజీ ఈమెయిల్‌కే వస్తుంది కాబట్టి ఆ ఇన్‌బాక్స్ వారానికోసారైనా తెరవాలి.

మధ్యలో ఉద్యోగం పోయినా, మీరే మానేసినా ఆ రోజే విశ్వవిద్యాలయానికి చెప్పాలి. కొత్త చోటు వెతుక్కోవడానికి, కోర్సు మార్చడానికి దారులుంటాయి. దాచిపెడితే వాళ్లకు మిగిలేది హోమ్ ఆఫీస్‌కి రిపోర్టు చేయడమే.

చివరి రెండు వారాల్లో: డిసర్టేషన్‌కి ఏదైనా డేటా వాడుకోవాలనుకుంటే మేనేజర్ దగ్గర రాతపూర్వక అనుమతి, రిఫరెన్స్ ఎవరిస్తారో వాళ్ల పని నంబరు, పన్నెండు పేస్లిప్పులు, పీ60 (పన్ను ఏడాది మొత్తం జీతం, పన్ను చూపే పత్రం) డౌన్‌లోడ్. పీ45 తర్వాత పోస్టులోనో ఈమెయిల్‌లోనో వస్తుంది కాబట్టి మీ సొంత చిరునామా పేరోల్ వాళ్లకు ఇవ్వండి. కంపెనీ లాగిన్ సాధారణంగా ఆఖరి రోజు సాయంత్రమే మూతపడుతుంది.